జీనోమిక్స్‌లో ఎమ్మెస్సీ: నెల్లూరు, ప్రకాశం విద్యార్థులు ఏది ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి

ఏటా డిసెంబరు వచ్చేసరికి నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "సార్, బీజెడ్‌సీ ఆఖరి ఏడాది. జీనోమిక్స్ చేయాలనుంది. ఎక్కడ అప్లై చేయాలి?" అప్పటికే జామ్ (ఐఐటీల వంటి చోట్ల ఎమ్మెస్సీకి ప్రవేశ పరీక్ష) దరఖాస్తు గడువు దాటిపోయి ఉంటుంది. కేంద్ర ఓబీసీ సర్టిఫికెట్ చేతిలో ఉండదు. పదో తరగతి తర్వాత మ్యాథ్స్ పుస్తకం తెరిచి ఉండరు. మంచి మార్కులున్న పిల్లలకే, ముందుగా చెప్పేవాళ్లు లేక, సీటు పోతోంది. చూస్తూ ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నవాళ్లు మొదటి నుంచి వరసగా చదవండి. ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లు ముందు 5, 6 భాగాలు చూసి, ఆ పనులు మొదలుపెట్టి, తర్వాత వెనక్కి రండి.

1. ముందు తేల్చుకోండి: ఏ జీవి, ఏ పని?

జన్యుశాస్త్రంలో ఒక జన్యువును పట్టుకుని దాని వెంట పోతాం. జీనోమిక్స్‌లో ఒక జీవి డీఎన్‌ఏ మొత్తాన్ని చదివి, ఆ కుప్పలోంచి జవాబు వెతుకుతాం. సగం పని ల్యాబ్‌లో, సగం కంప్యూటర్ ముందు. ఏ సగం మీకు నప్పుతుందో ముందే చూసుకోవాలి.

దారులు మూడు:

- మనిషి వైపు: వంశపారంపర్య జబ్బులు, క్యాన్సర్, డయాగ్నస్టిక్ ల్యాబ్‌లు. ఇంట్లో పెద్దవాళ్లు తప్పకుండా అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను: ఈ ఎమ్మెస్సీతో పేషెంట్లను చూసే డాక్టర్ కాలేరు.
- పశువులు, రొయ్యలు, పంటలు: ఒంగోలు జాతి, నెల్లూరు గొర్రె, వనామీ రొయ్య, నెల్లూరు వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి వచ్చిన వరి రకాలు. మన జిల్లాల పిల్లలకు ఇంటి పక్కనే సబ్జెక్టు ఉంది.
- పూర్తిగా కంప్యూటర్ వైపు: డేటా విశ్లేషణ, ప్రోగ్రామింగ్.

ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ఒక శనివారం ఏదైనా ఆక్వా పీసీఆర్ ల్యాబ్‌లో అనుమతి అడిగి, నాలుగు గంటలు పక్కన నిలబడి చూడండి. నెల్లూరు తీరంలో రొయ్య పిల్లల్ని పరీక్షించే ల్యాబ్‌లు చాలానే ఉన్నాయి. ఆదివారం నాలుగు గంటలు కంప్యూటర్ ముందు కూర్చుని, కింద 4వ భాగంలో చెప్పిన మొదటి వారం పని చేయండి. ఏ రోజు గడియారం వైపు తక్కువసార్లు చూశారో గుర్తుపెట్టుకోండి.

2. కోర్సు పేరు చూసి ఆగకండి, సిలబస్ తెరవండి

"జీనోమిక్స్" అనే పేరుతోనే ఎమ్మెస్సీ ఇచ్చే చోట్లు తక్కువ. కాసరగోడ్‌లోని కేరళ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ జీనోమిక్ సైన్స్ ఉంది. చెన్నై నుంచి మంగళూరు వెళ్లే రైళ్లు కాసరగోడ్ మీదుగానే పోతాయి కాబట్టి మనకు ప్రయాణం మరీ కష్టం కాదు.

ఇదే పని నేర్పే కోర్సులు వేరే పేర్లతో ఉంటాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో హ్యూమన్ జెనెటిక్స్, ఉస్మానియాలో జెనెటిక్స్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో బయోటెక్నాలజీ, పాండిచ్చేరి యూనివర్సిటీలో బయోఇన్ఫర్మేటిక్స్, బెంగళూరు ఐబీఏబీలో బిగ్ డేటా బయాలజీ అలాంటివి. ఊరు వదిలి వెళ్లలేని పరిస్థితి ఉంటే కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీలో బయోటెక్నాలజీ చేసి, జీనోమిక్స్ పనిని ప్రాజెక్టు ద్వారా తెచ్చుకోవచ్చు. అది తక్కువ రకం దారేమీ కాదు. కాకపోతే సొంతంగా నేర్చుకునే భాగం ఎక్కువ.

ఏ కోర్సుకైనా డబ్బు కట్టే ముందు ఇవి చూడండి:

- సిలబస్‌లో స్టాటిస్టిక్స్ పూర్తి పేపరుగా ఉందా, ఒక యూనిట్‌గా సరిపెట్టారా?
- ప్రోగ్రామింగ్ ప్రాక్టికల్ ఉందా?
- సీక్వెన్సింగ్ డేటా (యంత్రం చదివిన డీఎన్‌ఏ అక్షరాలు) మీద విద్యార్థులు స్వయంగా పని చేస్తారా?
- ఆఖరి సెమిస్టర్ మొత్తం ప్రాజెక్టుకే ఇస్తారా?
- అధ్యాపకుల పరిశోధనా పత్రాలు గూగుల్ స్కాలర్‌లో గత నాలుగైదేళ్లవి కనిపిస్తున్నాయా?
- నిరుడు పాసైన ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడారా?

చివరి ప్రశ్న మాత్రం అస్సలు వదలకండి. బ్రోచర్‌లో రంగుల బొమ్మల్లో కనిపించే యంత్రాన్ని విద్యార్థులు ముట్టుకుంటారో, అద్దం బయట నిలబడి చూస్తారో సీనియర్లే చెప్పగలరు.

3. ఏడాదిన్నర ముందు నుంచి సన్నాహం

మన పిల్లలు ఎక్కువగా తడబడేది మ్యాథ్స్ దగ్గర. బీజెడ్‌సీ తీసుకున్నాక లెక్కలతో పని లేదనుకుంటారు. జీనోమిక్స్‌లో రోజూ లెక్కే. భయపడకండి, కావలసింది చాలా కొద్ది: లాగరిథమ్‌లు, ప్రాబబిలిటీ, సగటు, స్టాండర్డ్ డీవియేషన్, పీ వాల్యూ, కొంచెం మ్యాట్రిక్స్‌లు. వీటిలో ఇంటర్ ఎంపీసీ పుస్తకాల్లో దొరికే అధ్యాయాలు తీసి రోజుకు ముప్పావు గంట చేస్తే నాలుగు నెలల్లో పట్టు దొరుకుతుంది.

మనకు తెలిసిన లెక్కతోనే మొదలుపెడదాం. రొయ్య పిల్లల టెస్టుకు 150 పిల్లల్ని తీయడం వాడుకలో ఉంది. ఎందుకు 150? వందలో రెండు పిల్లలకు వైరస్ ఉందనుకోండి. ఒక పిల్లను తీస్తే అది ఆరోగ్యంగా ఉండే అవకాశం 0.98. 150 పిల్లలూ ఆరోగ్యంగానే ఉండే అవకాశం 0.98ని 150 సార్లు గుణిస్తే వస్తుంది: సుమారు 0.05. అంటే టెస్టులో ఏ లోపం లేకపోయినా, వందలో ఐదుసార్లు జబ్బున్న బ్యాచ్ నెగటివ్‌గా బయటపడుతుంది. వైరస్ వందలో ఒక పిల్లకే ఉంటే ఆ అవకాశం 0.22కి పెరుగుతుంది. ఈ లెక్క మీకు సొంతంగా చేయడం వస్తే ప్రాబబిలిటీలో సగం భయం పోయినట్టే.

రెండో లెక్క కవరేజ్. జీనోమ్‌లో ఒక్కో అక్షరాన్ని సగటున ఎన్నిసార్లు చదివామో అది చెబుతుంది. యంత్రం ఒక్కోసారి చదివే డీఎన్‌ఏ ముక్కను రీడ్ అంటారు. రీడ్‌ల సంఖ్యను రీడ్ పొడవుతో గుణించి, జీనోమ్ పొడవుతో భాగించాలి. ఈ.కోలై కె-12 జీనోమ్ సుమారు 46.4 లక్షల బేస్‌లు (డీఎన్‌ఏ అక్షరాలు). 150 బేస్‌ల రీడ్‌లు 10 లక్షలు వస్తే 15 కోట్ల బేస్‌లు. భాగిస్తే 32 రెట్లు. ఇంటర్వ్యూల్లో ఇది అడుగుతారు, కాగితం మీద చేసి చూపించాలి.

బయాలజీలో డీఎన్‌ఏ రెప్లికేషన్, ట్రాన్స్‌క్రిప్షన్, పీసీఆర్, మెండెల్ సూత్రాలు, హార్డీ–వైన్‌బర్గ్ బాగా రావాలి. చదివాక పుస్తకం మూసి, బొమ్మ గీసి, పక్కవాళ్లకు తెలుగులో చెప్పగలిగితే వచ్చినట్టు. ఇంగ్లిష్ నోట్సు కంఠస్థం చేస్తే ప్రశ్నను కాస్త తిప్పగానే చేతులెత్తేస్తాం.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఇంగ్లిష్ కోసం వేరే కోచింగ్‌కు పోనక్కర్లేదు. వారానికి ఒక పరిశోధనా పత్రం తీసుకుని దాని సారాంశం ఒక్కటే చదవండి, మూడు వాక్యాల్లో మీ మాటల్లో రాయండి. ఆరు నెలల్లో తేడా మీకే కనిపిస్తుంది.

4. ఇంట్లో కూర్చుని నెల రోజుల ప్రాక్టీసు

8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు. అదీ లేకపోతే కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో రోజుకు గంట అడగండి.

మొదటి వారం. జీనోమ్ సమాచారం ఉచితంగా దొరికే ఎన్‌సీబీఐ వెబ్‌సైట్‌కు వెళ్లి బాస్ ఇండికస్ అని ఇంగ్లిష్‌లో వెతకండి. మన ఆవు జాతుల శాస్త్రీయ నామం అది. అక్కడ నెలోర్ అనే జాతి పేరు కనిపిస్తుంది. మన ప్రాంతం నుంచి బ్రెజిల్ వెళ్లిన ఒంగోలు పశువుల సంతతి అది. బాస్ ఇండికస్‌లో మొదట జీనోమ్ చదివింది ఈ జాతి ఎద్దుదే, 2012లో ప్రచురించారు. దాన్ని డౌన్‌లోడ్ చేయకండి, చాలా పెద్దది. పేజీలో రాసిన క్రోమోజోమ్‌ల సంఖ్య, జీనోమ్ పొడవు ఏమిటో అర్థం చేసుకోండి. తర్వాత రొయ్యల వైట్ స్పాట్ వైరస్ జీనోమ్ డౌన్‌లోడ్ చేయండి. సుమారు 3 లక్షల బేస్‌లే, క్షణాల్లో దిగుతుంది.

రెండో వారం. విండోస్‌లోనే లినక్స్ నడిపించే డబ్ల్యూఎస్‌ఎల్ పెట్టుకుని లినక్స్ కమాండ్లు పది నేర్చుకోండి. ఆ వైరస్ ఫైల్లో ఏ, టీ, జీ, సీ అక్షరాలు ఎన్నెన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

మూడో వారం. గెలాక్సీ అనే ఉచిత వెబ్‌సైట్‌లో ఖాతా తెరవండి. లెక్కంతా వాళ్ల సర్వర్లలో జరుగుతుంది, మన ల్యాప్‌టాప్ మీద భారం పడదు. ఒక చిన్న బ్యాక్టీరియా డేటాతో ఈ వరసలో చేయండి: ఫాస్ట్‌క్యూసీతో నాణ్యత చూడటం, ఫాస్ట్‌పీతో చెత్త కత్తిరించడం, బీడబ్ల్యూఏతో రిఫరెన్స్ జీనోమ్‌కు (పోల్చడానికి వాడే ప్రామాణిక జీనోమ్) అతికించడం, బీసీఎఫ్‌టూల్స్‌తో తేడాలు పట్టడం, ఐజీవీలో కళ్లారా చూడటం. ఈ వరస మార్చకండి. నాణ్యత చూడకుండా అతికిస్తే తర్వాత వచ్చే తేడాల్లో ఏది నిజమో, ఏది యంత్రం తప్పో తెలియదు.

నాలుగో వారం. ఏం చేశారో ఒక పేజీ రాయండి. ఈ పేజీయే తర్వాత దరఖాస్తులకూ ఇంటర్వ్యూలకూ పనికొస్తుంది.

ఇక్కడ జరిగే పొరపాట్లు, వాటికి విరుగుడు:

- ఫైల్లో అక్షరాలు వెతికే గ్రెప్ కమాండ్‌లో ">" (గ్రేటర్ దాన్) గుర్తును కొటేషన్ల మధ్య పెట్టకపోతే ఫైలు మొత్తం ఖాళీ అయిపోతుంది. అసలు ఫైలును ఎప్పుడూ వేరే ఫోల్డర్‌లో కాపీ చేసి ఉంచండి.
- ఒక ఫైల్లో క్రోమోజోమ్ పేరు "సీహెచ్‌ఆర్1" అనీ, ఇంకో ఫైల్లో వట్టి "1" అనీ ఉంటే ఫలితం సున్నా వస్తుంది. ప్రోగ్రామ్ చెడిపోలేదు. రెండు ఫైళ్లూ ఒకే రిఫరెన్స్ నుంచి తీసుకోండి.
- మొదటిసారే మనిషి జీనోమ్ డేటా దించుకోవడం. పదుల జీబీలు, ల్యాప్‌టాప్ ఆగిపోతుంది. వైరస్, బ్యాక్టీరియా, ఆ తర్వాతే పెద్దవి.
- నాణ్యత స్కోరు 20 అంటే నూటికి ఒక తప్పు, 30 అంటే వెయ్యికి ఒక తప్పు. 20కీ 30కీ తేడా కొంచెమే అనుకుంటారు, పది రెట్లు.

5. ఎంట్రెన్స్‌లు: క్యాలెండర్ ప్రకారం

ఒక్క పరీక్ష మీద ఆశ పెట్టుకోకండి. కనీసం మూడు రాయండి. తేదీలు ఏటా కొంచెం మారతాయి, నోటిఫికేషన్ చూసుకోండి. వరస మాత్రం సాధారణంగా ఇలా ఉంటుంది.

జామ్: సెప్టెంబరు–అక్టోబరులో దరఖాస్తు, ఫిబ్రవరిలో పరీక్ష. బయోటెక్నాలజీ పేపర్ రాయాలి. 3 గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. మొదటి భాగంలోనే నెగటివ్ మార్కులుంటాయి. అంకె టైప్ చేసే ప్రశ్నలకు నెగటివ్ లేదు, కాబట్టి వాటిని ఖాళీగా వదలకండి.

సీయూఈటీ పీజీ: చలికాలంలో దరఖాస్తు, మార్చి ప్రాంతంలో పరీక్ష. చాలా కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు ఇదే దారి. 75 ప్రశ్నలు, ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. పరీక్ష అయిపోగానే పని అయిపోయిందనుకుని చాలామంది ఇంట్లో కూర్చుంటారు. స్కోరు వచ్చాక ప్రతి యూనివర్సిటీ పోర్టల్‌లో విడిగా రిజిస్టర్ చేసుకుంటేనే సీటు. ఈ ఒక్క కారణంతో మంచి స్కోరున్న పిల్లలు మిగిలిపోవడం చూశాను.

గ్యాట్-బి: ఎండాకాలంలో. బయోటెక్నాలజీ శాఖ సాయంతో నడిచే కోర్సులకు. మొదటి భాగంలో ఇంటర్ స్థాయి ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ 60 ప్రశ్నలు, అన్నీ తప్పనిసరి, ఒక్కో మార్కు, తప్పుకు అర మార్కు పోతుంది. రెండో భాగంలో 100 ప్రశ్నల్లో 60 రాయాలి, ఒక్కోటి 3 మార్కులు, తప్పుకు 1 పోతుంది. ఎంచుకునే స్వేచ్ఛ ఉంది కాబట్టి రెండో భాగం మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు ప్రశ్నలన్నీ చూసి, వచ్చినవి గుర్తుపెట్టుకోండి.

ఏపీ పీజీసెట్: మన రాష్ట్ర యూనివర్సిటీలకు. లైఫ్ సైన్సెస్ పేపర్, 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగటివ్ లేదు. ఉస్మానియాకు విడిగా సీపీగెట్ ఉంటుంది.

6. సర్టిఫికెట్లు: ఆగస్టులోనే మొదలుపెట్టాలి

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. మా తమ్ముడికి కౌన్సెలింగ్‌లో మంచి ర్యాంకు వచ్చింది. వాడి దగ్గర రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన బీసీ సర్టిఫికెట్ ఉంది. కేంద్ర సంస్థకు కావలసింది కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్. ఆ తేడా ఎవరూ చెప్పలేదు. ఆఫీసులో అర్జీ పెట్టి రోజూ తిరిగాం. చేతికొచ్చేసరికి గడువు రెండు రోజులు దాటింది. ఆ ఏడాది వాడు ఇంట్లోనే ఉండిపోయాడు.

అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. రాష్ట్ర జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో ఉండవు. మీ కులం ఉందో లేదో ముందే చూసుకోండి. దరఖాస్తు అడిగిన ఆర్థిక సంవత్సరానికి చెల్లేలా తీసుకోండి. ఈడబ్ల్యూఎస్‌కూ అంతే, పాతది పనికిరాదు. సచివాలయంలో అర్జీ ఇచ్చినప్పుడు రసీదు నంబరు తప్పకుండా తీసుకోండి.

ఫైల్లో ఉండాల్సినవి:

- పదో తరగతి మార్కుల జాబితా (పేరు, పుట్టిన తేదీకి ఇదే ఆధారం)
- ఇంటర్, డిగ్రీ అన్ని సెమిస్టర్ల మెమోలు
- ప్రొవిజనల్, టీసీ, కాండక్ట్ సర్టిఫికెట్
- స్థానికత కోసం స్టడీ సర్టిఫికెట్లు
- కుల, ఆదాయ సర్టిఫికెట్లు, కేంద్ర నమూనావి విడిగా
- అన్నిటి స్కాన్ కాపీలు, ఒకటి మెయిల్‌లో, ఒకటి పెన్ డ్రైవ్‌లో

ఆధార్‌లో, పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో ఇవాళే చూడండి. ఒకదాంట్లో పొడి అక్షరం, ఇంకోదాంట్లో పూర్తి ఇంటిపేరు ఉండటం మన దగ్గర చాలా మామూలు. ఆధార్‌ను పదో తరగతి మెమోకు సరిపోయేలా మార్చుకోవడం తేలిక.

7. లోకల్, నాన్ లోకల్

పక్కపక్క జిల్లాలే అయినా రాష్ట్ర యూనివర్సిటీ సీట్ల దగ్గర దారులు వేరవుతాయి. నెల్లూరు ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం) ఏరియా కిందికి వస్తుంది, ప్రకాశం ఏయూ (ఆంధ్ర విశ్వవిద్యాలయం) ఏరియా కిందికి వస్తుంది. విశాఖలో హ్యూమన్ జెనెటిక్స్‌కు ఒంగోలు విద్యార్థి లోకల్, నెల్లూరు విద్యార్థి నాన్ లోకల్. తిరుపతి ఎస్వీయూకు ఇది తిరగబడుతుంది. నాన్ లోకల్ అయితే 15 శాతం ఓపెన్ సీట్లలోనే పోటీ పడాలి. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు దీన్ని లెక్కలోకి తీసుకోండి. జిల్లాలు మారిన మండలాల వాళ్లు ఏ ఏరియా కిందికి వస్తారో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకున్నాకే ఆప్షన్లు పెట్టండి.

8. విదేశాలకు అయితే

క్లుప్తంగా చెబుతాను. బ్రిటన్‌లో ఎమ్మెస్సీ సాధారణంగా ఒక ఏడాది, మూడేళ్ల డిగ్రీ సరిపోతుంది. జర్మనీకి వీసా ముందు ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు సరైనవేనని ధ్రువీకరించేది) తప్పనిసరి, దానికి సమయం పడుతుంది, ముందే పెట్టండి. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ల ఉద్యోగ అనుభవం అడుగుతారు, డిగ్రీ అయిన వెంటనే కుదరదు.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. "చిన్నప్పటి నుంచి నాకు సైన్స్ అంటే ఇష్టం" అని మొదలుపెట్టినవి ఎన్నో దిద్దాను. చదివేవాళ్లకు దాంతో మీ గురించి ఏమీ తెలియదు. ఇందుకూరుపేట పిల్లవాడు ఒకడు ఇలా రాశాడు: "మా చెరువులో రొయ్య పిల్లల టెస్టు నెగటివ్ వచ్చింది. నలభయ్యో రోజున వైట్ స్పాట్ వచ్చి పంట పోయింది. అదే నీళ్లలో కొన్ని రొయ్యలు మాత్రం బతికాయి. వాటి జీనోమ్‌లో తేడా ఏముందో తెలుసుకోవాలని ఉంది." తర్వాత 150 పిల్లల లెక్క రాశాడు. వనామీ జీనోమ్ 2019లో వచ్చిందనీ, అందులో చిన్న చిన్న రిపీట్లు (మళ్లీ మళ్లీ వచ్చే అక్షరాల వరసలు) ఎక్కువ కాబట్టి ముక్కలను అతికి జీనోమ్‌గా కూర్చడం కష్టమనీ రెండు వాక్యాలు రాశాడు. ఒక పేజీలో ఊరు, ప్రశ్న, చదువు మూడూ ఉన్నాయి. మీ ఇంటి చుట్టూ ఉన్న ప్రశ్న రాయండి, అది ఇంకెవరూ రాయలేరు.

సిఫారసు లేఖ కోసం లెక్చరర్‌ను అడిగేటప్పుడు నెల ముందే అడగండి. మీరు చేసిన పనుల జాబితా ఒక కాగితం మీద ఇవ్వండి. వంద మంది క్లాసులో మీరు ఏ ప్రాక్టికల్ బాగా చేశారో ఎవరికీ గుర్తుండదు.

9. డబ్బు

ప్రభుత్వ యూనివర్సిటీలో ఫీజు కంటే హాస్టల్, మెస్ ఖర్చే ఎక్కువ కావచ్చు. రెండేళ్లకు కలిపి లెక్క వేయండి. గ్యాట్-బి ద్వారా వచ్చిన ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ సీట్లకు నెలకు 5,000 రూపాయల స్టైపెండ్ ఉంది, మెస్ బిల్లుకు ఆసరా అవుతుంది. ప్రైవేటు కాలేజీలో చేరే ముందు ఫీజు రీయింబర్స్‌మెంట్ మీ కోర్సుకు వర్తిస్తుందో లేదో నోటి మాటతో సరిపెట్టుకోకుండా కాగితం మీద అడగండి. బ్యాంకు లోను కావాలంటే విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి, తర్వాత బ్రాంచికి వెళ్లండి.

10. చేరాక మొదటి సెమిస్టర్, ప్రాజెక్టు

మొదటి రెండు నెలల్లో లినక్స్, దాంతోపాటు ఆర్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషల్లో ఒకటి, రోజూ అరగంట. రెండూ ఒకేసారి మొదలుపెట్టి రెండూ వదిలేసినవాళ్లే ఎక్కువ.

రెండో సెమిస్టర్ అయిపోకముందే ప్రాజెక్టు చోటు వెతకండి. హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అనే జీవశాస్త్ర పరిశోధనా సంస్థలు ఉన్నాయి. శాస్త్రవేత్తకు రాసే మెయిల్ ఐదు వాక్యాలు దాటకూడదు: మీరెవరు, ఆయన పత్రాల్లో ఏది చదివారు, అందులో మీకు వచ్చిన ప్రశ్న ఏమిటి, మీకు ఏ పని వచ్చు, ఏ నెలల్లో రాగలరు. పదిహేను మందికి ఒకే మెయిల్ పంపితే ఎవరూ జవాబివ్వరు. జవాబు రాకపోతే పది రోజులకు ఒకసారి గుర్తుచేయండి, అంతకుమించి వద్దు.

వేల రూపాయలు తీసుకుని నెల రోజుల్లో ప్రాజెక్టు, రిపోర్టు, సర్టిఫికెట్ అన్నీ చేతికిచ్చే ల్యాబ్‌లు ఉన్నాయి. దయచేసి అటు పోకండి. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న మీ ప్రాజెక్టు గురించే ఉంటుంది. "ఈ ప్రైమర్ ఎందుకు ఎంచుకున్నావు?" అంటే నోట మాట రాని పిల్లల్ని చూశాను, మనసు తరుక్కుపోయింది. ఎక్కడా చోటు దొరకకపోతే మీ కాలేజీలోనే, ఎన్‌సీబీఐలో ఉచితంగా ఉన్న డేటా తీసుకుని, మీ గైడ్‌తో కూర్చుని చేయండి. ఖర్చు లేదు, ప్రతి అడుగూ మీదే అవుతుంది.

ప్రాజెక్టు మొదటి రోజు నుంచే ఒక నోటుబుక్ పెట్టండి. తేదీ, వాడిన కమాండ్, సాఫ్ట్‌వేర్ వెర్షన్, వచ్చిన ఫలితం రాయండి. ఫెయిలైన పీసీఆర్ కూడా రాయండి. డేటా మూడు చోట్ల దాచండి, అందులో ఒకటి మీ గది బయట ఉండాలి.